789 పద్దు చదవగలిగేవాళ్లు కావాలి

ఆంధ్రప్రదేశ్‌లో ఏ ప్రభుత్వ ఉద్యోగిని కదిపినా '010 పద్దు' అంటే ఏమిటో చెబుతారు. అది జీతాల పద్దు. దాని కిందకు వస్తే జీతానికి భరోసా ఉంటుందన్న నమ్మకంతో మోడల్ స్కూల్ టీచర్ల నుంచి మున్సిపల్ సిబ్బంది దాకా ఏళ్ల తరబడి వినతిపత్రాలు ఇచ్చారు, ధర్నాలు చేశారు. ఒక అంకె కోసం రోడ్డెక్కారంటే ఆ అంకె వెనక ఉన్న అన్నం ముద్ద వాళ్లకు కనిపించింది కాబట్టే.

అదే బడ్జెట్ పుస్తకంలో మరో అంకె ఉంది: 789. ఎస్సీ ఉప ప్రణాళిక ఖర్చును చూపించే మైనర్ హెడ్ ఇది. దేశంలో ఏ రాష్ట్ర బడ్జెట్ తెరిచినా ఇదే అంకె. ఆదివాసీల ఉప ప్రణాళికకు 796. మన పేరు మీద ఎంత డబ్బు రాశారు, ఎంత విడుదల చేశారు, ఎంత వెనక్కి లాక్కున్నారు అన్నది ఈ రెండు అంకెల కింద తెలుస్తుంది. మరి మన పల్లెల్లో, హాస్టళ్లలో, యూనివర్సిటీల్లో 789 అంటే తెలిసినవాళ్లు ఎంతమంది? ఆ పద్దు రాసే, తనిఖీ చేసే, ఆడిట్ చేసే కుర్చీల్లో మనవాళ్లు ఎంతమంది?

డీఎస్సీ, కానిస్టేబుల్, గ్రూప్స్, సాఫ్ట్‌వేర్: మన పిల్లల కలలు చాలావరకు ఈ నాలుగు దారుల్లోనే తిరుగుతున్నాయి. ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ, అంటే ట్రెజరీ, అకౌంట్స్, ఆడిట్, బడ్జెట్ విభాగాల ఉద్యోగం ఒక జీవిత లక్ష్యంగా మన దగ్గర చర్చకు రావడం అరుదు. రావాలి. అనంతపురం లాంటి చోట ఇది మరీ అవసరం.

రెండో కరువు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా దీనికి పేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండుగా విడగొట్టి శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పాటు చేశారు కానీ ఆకాశాన్ని ఎవరూ విడగొట్టలేదు. వేరుశనగ పోతే పోయినట్టే.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి జిల్లాలో ఎస్సీలు 14 శాతం పైచిలుకు. కాలువ నీళ్లున్న డెల్టాలో వ్యవసాయం, వ్యాపారం, ప్రైవేటు పెట్టుబడి డబ్బును తిప్పుతాయి. ఇక్కడి దళిత వాడకు చేరే డబ్బులో పెద్ద వాటా ఖజానా నుంచే రావాలి. పింఛను, ఉపాధి కూలి, పంట నష్టపరిహారం, స్కాలర్‌షిప్, హాస్టల్ మెస్ బిల్లు, ఎస్సీ కార్పొరేషన్ రుణం, కాలనీ రోడ్డు ఇవన్నీ ప్రభుత్వ పద్దులే. వాన రాకపోవడం మొదటి కరువు. వచ్చిన మంజూరు ఖజానా దగ్గర ఆగిపోవడం రెండో కరువు. మొదటి దాని మీద కథలొచ్చాయి, పాటలొచ్చాయి, కమిటీలొచ్చాయి. రెండోది కాగితాల్లో ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడదు.

అది ఎలా ఆగుతుందో చూడండి. శాసనసభ బడ్జెట్ ఆమోదిస్తుంది. అంతటితో డబ్బు వచ్చినట్టు కాదు. ఆర్థిక శాఖ బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ ఇవ్వాలి. అది శాఖాధిపతి నుంచి జిల్లాకు, అక్కడి నుంచి బిల్లు డ్రా చేసే అధికారికి చేరాలి. ఆయన బిల్లు పెట్టాలి. ట్రెజరీ దాన్ని పరిశీలించాలి. ఆ తర్వాత నగదు ఉంటేనే చెల్లింపు. 2018 నుంచి ఇదంతా సీఎఫ్ఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నడుస్తోంది. ఏ మెట్టు దగ్గర ఆగినా, సంవత్సరం చివర మార్చి 31న ఖర్చు కాని మొత్తం మురిగిపోతుంది. హాస్టల్లో కూరగాయల వాడి దగ్గర అప్పు మాత్రం మురిగిపోదు.

రాసే చేయి, మోసే తల

లెక్కకూ కులానికీ ఉన్న ముడి ఈ జిల్లాలో కొత్తది కాదు. 1800లో నిజాం నుంచి దత్త మండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక థామస్ మన్రో అనంతపురం కేంద్రంగా రైత్వారీ శిస్తు లెక్కలు కట్టించాడు. ఆ లెక్క ఊళ్లో ఎవరు రాశారు? కరణం. అది వంశపారంపర్య హక్కు. అడంగల్ ఆయన దస్తరంలో ఉండేది, ఆ దస్తరం ఆయన ఇంట్లో ఉండేది. ఊరి వెట్టివాడు, చాలా చోట్ల మాల మాదిగల్లో ఒకడు, కచేరీ కాగితాలు మోశాడు. వసూలైన కిస్తు సొమ్ముకు కాపలాగా తాలూకా ఖజానా దాకా నడిచాడు. రాసే చేయి ఒకటి, మోసే తల ఒకటి.

ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో కరణం, మునసబు వ్యవస్థను రద్దు చేసింది. వంశపారంపర్యం చట్టంలోంచి పోయింది. లెక్కల మీద పట్టు, పద్దుల భాష, 'ఆ ఫైలు ఎవరి దగ్గర ఉంది' అన్న తెలివిడి మాత్రం రద్దు ఉత్తర్వుతో ఊరంతా పంచలేదు. తాత తండ్రుల నుంచి కార్యాలయం తెలిసిన ఇళ్లకు అది వారసత్వంగానే ఉండిపోయింది. మొదటి తరం డిగ్రీ చదువుతున్న కూలీ బిడ్డకు ఆ కార్యాలయం ఇప్పటికీ ఒక కిటికీ, దాని ముందు ఒక క్యూ.

బరోడాలో ఆగిపోయిన ఉద్యోగం

రాజ్యాంగం రాసిన అంబేద్కర్ మనకు తెలుసు. అంతకు ముందు ఆయన ప్రభుత్వ ఆర్థిక శాస్త్రవేత్త అన్న సంగతి జయంతి సభల్లో తక్కువగా వినిపిస్తుంది. కొలంబియాలో ఆయన ఎం.ఏ. పరిశోధన ఈస్టిండియా కంపెనీ పాలన, ఆర్థిక వ్యవహారాల మీద. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ పరిణామం మీద రాసిన గ్రంథం 1925లో అచ్చయింది. రూపాయి సమస్య మీద పుస్తకం 1923లో వచ్చింది. కరెన్సీపై వేసిన హిల్టన్ యంగ్ కమిషన్ ముందు ఆయన సాక్ష్యం చెప్పాడు. కేంద్రం, రాష్ట్రాల మధ్య డబ్బు ఎలా పంచుకోవాలన్న ప్రశ్న మీద మొదట్లోనే పనిచేసిన భారతీయుల్లో ఆయన ఒకడు.

ఈ చదువుతో 1917లో బరోడా సంస్థానం కొలువులో చేరాడు. ఆయనను ముందుముందు ఆర్థిక మంత్రిగా తీర్చిదిద్దాలని మహారాజు సాయాజీరావు ఉద్దేశం. జరిగింది వేరు. పట్టణంలో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలోంచి కర్రలు పట్టుకుని వచ్చి మరీ వెళ్లగొట్టారు. కొలువు వదిలి బొంబాయి తిరిగొచ్చాడు. ఈ దేశంలో ఒక దళితుడి ప్రభుత్వ ఆర్థిక కెరీర్ ఇలా మొదలై, కొద్ది రోజుల్లోనే కులం చేతిలో ఆగిపోయింది.

ఆయన ఆ విషయాన్ని వదల్లేదు. 1949 మే 30న రాజ్యాంగ సభలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవి గురించి మాట్లాడుతూ, రాజ్యాంగంలో బహుశా అతి ముఖ్యమైన అధికారి ఇతడేనని, ఇతని బాధ్యత న్యాయవ్యవస్థ బాధ్యత కంటే కూడా పెద్దదని అన్నాడు. హక్కులు రాసిన మనిషి లెక్కలు చూసే మనిషిని అంత ఎత్తున ఎందుకు పెట్టాడో మనం ఆలోచించాలి.

పదిహేడు శాతం, దేనిలో?

ఎస్సీల ప్రత్యేకాంశ ప్రణాళిక 1970ల చివర మొదలైంది. పి.ఎస్. కృష్ణన్ లాంటి అధికారులు ప్రభుత్వం లోపల ఉండి దాన్ని నిలబెట్టారు. మూడు దశాబ్దాలు అది మార్గదర్శకంగానే ఉంది, పాటించకపోయినా అడిగేవాళ్లు లేరు. ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడల కోసం ఎస్సీల నిధుల్లోంచి 744 కోట్ల రూపాయలు మళ్లించారని 2010లో సమాచార హక్కు దరఖాస్తుల ద్వారా బయటపడింది. బయటపెట్టింది పద్దుల భాష చదవగలిగిన పౌర సంఘాల వాళ్లు. దళిత్ ఆర్థిక్ అధికార్ ఆందోళన్ లాంటి వేదికలు బడ్జెట్ చదవడాన్నే ఉద్యమంగా మార్చాయి. తెలుగునాట సంఘాలన్నీ కదిలాక 2012 డిసెంబర్‌లో ప్రత్యేక సమావేశాల్లో ఉప ప్రణాళిక బిల్లు ఆమోదం పొంది, 2013లో చట్టమైంది.

చట్టం రెండు మాటలు గట్టిగా చెప్పింది. ఒకటి, జనాభా నిష్పత్తిలో ప్రణాళికా వ్యయం కేటాయించాలి. విభజన తర్వాత ఏపీలో ఎస్సీల వాటా 17.08 శాతం, ఎస్టీలది 5.53 శాతం. రెండు, ఆ డబ్బుతో ఎస్సీ వ్యక్తులకు, కుటుంబాలకు, ఆవాసాలకు నేరుగా, కొలవగలిగేలా మేలు జరగాలి.

ఇక లెక్కలోకి వద్దాం. 2025–26 రాష్ట్ర బడ్జెట్ 3,22,359 కోట్లు. అందులో ఎస్సీల కోసం చూపినది 20,281 కోట్లు. మొత్తంలో ఇది ఆరు శాతం పైచిలుకు. 'పదిహేడు శాతం ఏది? 55 వేల కోట్లు రావాలి కదా' అని వేదిక మీద గర్జించవచ్చు. ఆర్థిక శాఖలో ఉన్న చిన్న అధికారి కూడా ఆ వాదనను ఒక్క నిమిషంలో పక్కన పెడతాడు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, అప్పుల చెల్లింపులు తీసేశాక మిగిలిన దాని మీదే వాటా అంటాడు. చట్టం చెప్పింది ప్రణాళికా వ్యయం గురించి కాబట్టి అందులో కొంత నిజముంది.

అసలు తగాదా ఆ తర్వాత మొదలవుతుంది. 2017–18 నుంచి కేంద్రం ప్రణాళిక, ప్రణాళికేతర విభజనే ఎత్తేసింది. ప్రణాళికా సంఘం అంతకు ముందే పోయింది. మరి ఇప్పుడు పదిహేడు శాతం దేనిలో? ఏ పథకం ఖర్చును లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని మినహాయించాలి? అందరికీ ఇచ్చే పింఛను, అమ్మ ఒడి లాంటి పథకాల్లో ఎస్సీ లబ్ధిదారుల వాటాను 789 కింద చూపించి, ఉప ప్రణాళిక నెరవేరిందని గత ప్రభుత్వ హయాంలో లెక్క చెప్పారు. ఎస్సీ అయినా కాకపోయినా వచ్చే డబ్బును ఎస్సీ అయినందుకు ఇచ్చినట్టు రాయడం ఇది. దళిత సంఘాలు దీన్ని దారి మళ్లింపు అన్నాయి. నిజమే. కానీ దాన్ని పద్దు పద్దుగా, శాఖ శాఖగా రుజువు చేయడానికి మన దగ్గర మనుషులు కావాలి. ఎదుటి పక్షం దగ్గర ఒక సచివాలయమే ఉంది.

ఈ జిల్లాకు ఒక ప్రత్యేకత కూడా ఉంది. 2021 జూలైలో బిల్లులు, ఓచర్లు సరిగా లేకుండా 41 వేల కోట్ల లావాదేవీలు జరిగాయని గవర్నర్‌కు ఫిర్యాదు చేసింది అప్పటి ప్రజా పద్దుల కమిటీ చైర్మన్, ఉరవకొండ ఎమ్మెల్యే పయ్యావుల కేశవ్. అవి పుస్తక సర్దుబాట్లని నాటి ప్రభుత్వం జవాబిచ్చింది. 2024 జూన్ తర్వాత ఆయనే ఆర్థిక మంత్రి. పద్దు ప్రశ్న ఎంత పదునైన ఆయుధమో అనంతపురం రాజకీయ నాయకులకు తెలుసు. మన విద్యార్థులకూ తెలియాలి.

అంకె మారితే కూలి ఆగింది

లెక్క అంటే తటస్థమైన పని అనుకునేవాళ్లకు ఒక ఉదాహరణ. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. పదిహేనేళ్ల తర్వాత, 2021–22 నుంచి, కూలి చెల్లింపులను ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడుగా విడగొట్టి పంపాలని కేంద్రం నిర్ణయించింది. బడ్జెట్‌లో ఎస్సీ, ఎస్టీ పద్దుల కింద ఖర్చు విడిగా చూపించడం దాని ఉద్దేశం. ఒకే గుంతలో కలిసి మట్టి తవ్విన కూలీలకు వేర్వేరు రోజుల్లో డబ్బు పడింది. కొన్ని చోట్ల చెల్లింపులు ఆలస్యమయ్యాయి, ఊళ్లలో అనవసరపు పేచీలు రేగాయి. విమర్శలు పెరిగాక ఆ పద్ధతిని వెనక్కి తీసుకున్నారు. ఢిల్లీలో ఎవరో పద్దు మార్చారు, ఇక్కడ ఒక తల్లి కూలి ఆగింది. ఆ నిర్ణయం జరిగిన గదిలో కూలి డబ్బు కోసం పోస్టాఫీసు చుట్టూ తిరిగిన ఇంటి బిడ్డ ఒకరు ఉండి ఉంటే కనీసం ఒక ప్రశ్న లేచేది.

ఇదే పథకం మనకు మరో పాఠం కూడా చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ బలపడినప్పుడు మస్టర్ రోళ్లు, కొలతల పుస్తకాలు చదివి గ్రామసభలో వినిపించింది కూలీల ఇళ్ల నుంచి వచ్చిన యువతీ యువకులే. పదో తరగతి, ఇంటర్ చదివినవాళ్లు ఇంజనీరు రాసిన లెక్కలో తప్పు పట్టారు. లెక్క మన వల్ల కాదన్న మాట అక్కడే అబద్ధమని తేలిపోయింది.

దారులు ఇవీ

రాష్ట్రంలో మొదటి దారి ఏపీపీఎస్సీ. గ్రూప్-1లో అసిస్టెంట్ ట్రెజరీ ఆఫీసర్, స్టేట్ ఆడిట్ శాఖలో అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి. గ్రూప్-2లో ట్రెజరీల సీనియర్ అకౌంటెంట్, స్టేట్ ఆడిట్ సీనియర్ ఆడిటర్, వివిధ శాఖల జూనియర్ అకౌంటెంట్ పోస్టులు వస్తుంటాయి. మనవాళ్లు వీటిని 'డిప్యూటీ తహసీల్దార్ రాకపోతే' అన్నట్టు చివరి ఆప్షన్‌గా పెడతారు. ఆ క్రమాన్ని ఒకసారి తిరగేసి చూడండి. పంచాయతీలు, మున్సిపాలిటీలు, జిల్లా పరిషత్తుల లెక్కలు చూసేది స్టేట్ ఆడిట్ శాఖే. జిల్లా పరిషత్ సాధారణ నిధుల్లో 15 శాతం ఎస్సీల సంక్షేమానికి, 6 శాతం ఎస్టీలకు పెట్టాలన్న నిబంధన అమలైందో లేదో రాయాల్సిన కలం వాళ్లదే.

రెండో దారి ఎస్ఎస్‌సీ సీజీఎల్. కాగ్ కింద ఆడిటర్, అకౌంటెంట్ లాంటి పోస్టులు దీని ద్వారానే. ఏ డిగ్రీ అయినా చాలు. ఇంగ్లిష్, గణితం భయంతో మన జిల్లా పిల్లలు ఈ పరీక్ష వైపు తక్కువగా చూస్తారు. మూడో దారి యూపీఎస్సీ. ఇండియన్ ఆడిట్ అండ్ అకౌంట్స్ సర్వీస్, సివిల్ అకౌంట్స్ సర్వీస్, డిఫెన్స్ అకౌంట్స్ సర్వీస్. ఐఏఎస్ రాలేదని బాధపడుతూ చేరే సర్వీసులు కావు ఇవి. ప్రభుత్వాన్ని ప్రశ్నించే అధికారం రాజ్యాంగం 149, 151 అధికరణాల ద్వారా కాగ్‌కు ఇచ్చింది.

చేరాక ఇంకో మెట్టు ఉంది. పైకి వెళ్లాలంటే శాఖాపరమైన పరీక్షలు పాసవ్వాలి. కేంద్ర ఆడిట్‌లో ఎస్ఏఎస్ పరీక్ష, రాష్ట్రంలో అకౌంట్ టెస్టులు. ఆఫీసులో దారి చూపే పెద్దలున్నవాళ్లు ఏ పుస్తకం చదవాలో మొదటి ఏడాదే తెలుసుకుంటారు. లేనివాళ్లకు మనమే ఆ పెద్దలు కావాలి. సర్వీసులో ఉన్న దళిత అకౌంట్స్ అధికారులు, రిటైరైనవాళ్లు ఈ ఒక్క పని చేసినా చాలా మారుతుంది.

కుర్చీ ఒక్కటే చాలదు

ఒక అభ్యంతరం న్యాయమైనదే. దళితుడు ట్రెజరీలో కూర్చుంటే దళితుడి బిల్లు పాసవుతుందా? కాదు. ఏ బిల్లుకు ముందు నగదు ఇవ్వాలో జిల్లా అకౌంటెంట్ నిర్ణయించడు. అది రాజకీయ నిర్ణయం. ఒంటరిగా ఉన్న అధికారి మీద ఒత్తిడి ఉంటుంది, బదిలీ ఉంటుంది. కుర్చీ ఎక్కాక వాడను మరచిపోయినవాళ్లూ ఉన్నారు. అధికారి పని రూల్ పాటించడమే తప్ప సొంత మనుషులకు మేలు చేయడం కాదు, కాకూడదు కూడా.

కానీ మనం అడుగుతున్నది రూల్ పాటించమనే. ఉప ప్రణాళిక చట్టమే రూల్. దాన్ని ఉల్లంఘించిన చోట ఆడిట్ అభ్యంతరం రాయడం ఒకరికి చేసే మేలు కాదు, విధి. ఏ ఖర్చు 'ప్రత్యక్ష లబ్ధి' కిందకు వస్తుందో, ఏది రాదో తెలిసిన కన్ను ఆ ఫైలు మీద పడాలి. ఆ కన్ను అనుభవం నుంచి వస్తుంది. హాస్టల్ బిల్లు మూడు నెలలు ఆగితే పళ్లెంలో ఏం తగ్గుతుందో తిన్నవాళ్లకే తెలుసు.

ఈలోగా రిజర్వేషన్ ఉన్న ఉద్యోగమే సన్నబడుతోంది. ఆర్థిక సలహాలు, ప్రాజెక్టు నిర్వహణ, డేటా విశ్లేషణ కన్సల్టెన్సీ సంస్థలకు పోతున్నాయి. అక్కడ మన రోస్టర్ లేదు. చార్టర్డ్ అకౌంటెన్సీ దారిలో రిజర్వేషన్ ఎప్పుడూ లేదు. నగరంలో ఉండి, చిన్న స్టైపెండ్‌తో ఏళ్ల తరబడి ఆర్టికల్‌షిప్ చేయగల ఇళ్లకే అది అందుతుంది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎత్తేసిన 2020 నాటి జీవో 77, ఎం.కాం. చదవాలనుకున్న కూలీ బిడ్డల తలుపు కూడా మూసింది.

అడగాల్సినవి, చేయాల్సినవి

ప్రభుత్వాన్ని అడగాల్సినవి స్పష్టం. ట్రెజరీ, స్టేట్ ఆడిట్, వర్క్స్ అకౌంట్స్ విభాగాల్లో ఎస్సీ, ఎస్టీ బ్యాక్‌లాగ్ పోస్టులెన్నో ప్రకటించి భర్తీ చేయాలి. 789 కింద ఏ ఖర్చు రాయవచ్చో, ఏది రాయకూడదో నిబంధనల్లో తేల్చాలి. ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాది కలిపి ఇచ్చే ఏర్పాటు తెలంగాణ 2017 చట్టంలో ఉంది, ఇక్కడా అంత గట్టిగా ఉండాలి. అంబేద్కర్ స్టడీ సర్కిళ్లలో అకౌంట్స్, ఆడిట్ పోస్టులకు విడిగా శిక్షణ ఇవ్వాలి.

విద్యార్థి సంఘాలు రేపే మొదలుపెట్టగలిగే పనులూ ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో, డిగ్రీ కాలేజీల్లో బడ్జెట్ పఠన బృందాలు పెట్టుకోవచ్చు. బడ్జెట్ సంపుటాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఒక శాఖను ఎంచుకోండి. 2225 అనే సంక్షేమ మేజర్ హెడ్‌తో మొదలుపెట్టి 789 ఎక్కడెక్కడ వస్తుందో గీతలు గీయండి. నిరుటి కేటాయింపు, సవరించిన అంచనా, అసలు ఖర్చు పక్కపక్కన రాయండి. తేడా కనిపించిన చోట సమాచార హక్కు చట్టం కింద అడగండి. ప్రతి కార్యాలయం తనకు కేటాయించిన బడ్జెట్‌ను, చేసిన చెల్లింపులను ఎవరూ అడగకుండానే ప్రకటించాలని ఆ చట్టం సెక్షన్ 4 చెబుతోంది.

ఉప ప్రణాళిక చట్టానికి మొదట పదేళ్ల గడువే పెట్టారు. 2023 జనవరిలో ఆర్డినెన్స్‌తో మరో పదేళ్లు పొడిగించారు. అంటే 2033 జనవరికి అది మళ్లీ ముగింపు దగ్గరకు వస్తుంది. ఈ ఏడాది డిగ్రీ పూర్తి చేసి, రెండు మూడేళ్లు చదివి ట్రెజరీలోనో ఆడిట్‌లోనో చేరిన అమ్మాయి అప్పటికి నాలుగైదేళ్ల సర్వీసులో ఉంటుంది, అకౌంట్ టెస్టులు పాసై ఉంటుంది. ఈ పదేళ్లలో 789 కింద ఎంత రాశారు, ఎంత ఇచ్చారు అన్న ప్రశ్న అప్పుడు శాసనసభ ముందుకు, కోర్టు ముందుకు, వీధిలోకి వస్తుంది. జవాబు ఉన్న ఫైలు ఏ బీరువాలో ఉందో, ఏ పేజీ తెరవాలో తెలిసినవాళ్లు అప్పటికి తయారై ఉండాలి. ఏపీపీఎస్సీ తర్వాతి నోటిఫికేషన్ వచ్చినప్పుడు పోస్టుల ప్రాధాన్య క్రమం నింపే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.